చూడటం నేర్పిన ఇద్దరు

ముందుగా నా తప్పు చెప్పి ఈ వ్యాసం మొదలుపెడతాను. 2025 మే నెలలో మా గల్లీకి ఒక కొండెంగ వచ్చింది. దాన్ని నేను రాయితో కొట్టాను. అది ఎందుకు వచ్చిందో, ఏం చేస్తోందో ఒక్క నిమిషం కూడా చూడలేదు. ఆ తర్వాత అదే సంవత్సరంలో ఇద్దరు పెద్దవాళ్ళు కాలం చేశారు. ఒకరు మన సోలాపూర్ ఆయన, ఇంకొకరు ఇంగ్లండ్ ఆమె. వాళ్ళ గురించి బడిలో విన్నప్పుడల్లా నాకు ఆ కొండెంగే గుర్తొచ్చింది. అందుకే ముగ్గురి గురించీ కలిపి రాస్తున్నాను.

మాది కుంభారి. సోలాపూర్ నుంచి అక్కల్‌కోట్ రోడ్డు పట్టుకొని వస్తే విడీ కార్మికుల ఇండ్లు వరుసలు వరుసలుగా కనపడతాయి. 2006లో ఇక్కడ విడీలు చేసే ఆడవాళ్ళకు పది వేల ఇండ్లు ఇచ్చారు. అందులో ఒకటి మాది. బాపు టవెళ్ళ కార్ఖానాలో సాంచా నడుపుతాడు. అమ్మ, అవ్వ ఇంట్లో విడీలు చేస్తారు. పొద్దున్నే ఆకును బకెట్ నీళ్ళలో నానబెట్టి, తడి గోనెలో చుట్టి, మెత్తబడినాక కత్తెరతో కత్తిరించి, చాట ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటారు. ఆ చాట ముందే నేను అక్షరాలు నేర్చుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలైంది. కరెంటు లేదు. మే నెలలో మా ఊరి ఎండ ఎట్లుంటదో సోలాపూర్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు. బయట పిల్లలు "మాకడ్! మాకడ్!" అని అరిచారు. నేను ఉరికి చూశాను. ఎదురింటి నీళ్ళ టాంకీ మీద అది కూర్చొని ఉంది. మొహం నల్లగా బొగ్గు లాగా, ఒళ్ళంతా బూడిద రంగు, తోక దాని ఒంటికన్నా పొడుగు. గుంపు లేదు, ఒక్కటే.

గల్లీ రెండు పార్టీలైంది. కొందరు ఆడవాళ్ళు "మారుతి వచ్చిండు" అని దండం పెట్టి గోడ మీద అరటిపండ్లు పెట్టారు. ఇంకొందరు మేడ మీద ఎండబెట్టిన వడియాలు తొక్కిందని రాళ్ళు వేశారు. అది అటు దుమికి, ఇటు దుమికి, చివరికి మా గుమ్మం ముందు దిగింది. అమ్మ ఉలిక్కిపడి లేచింది. ఒళ్ళో ఉన్న చాట బోర్లా పడింది. తంబాకు, కత్తిరించిన ఆకు, అప్పటిదాకా చుట్టిన విడీలు అన్నీ బండల మీద పడ్డాయి. కొండెంగ వాటిని ముట్టలేదు. నేరుగా ఆకు నానబెట్టే బకెట్ దగ్గరికి పోయి వంగింది. నాకు మాత్రం పడిపోయిన విడీలే కనపడ్డాయి. అది అమ్మ పొద్దటి నుంచి చేసిన పని. చేతికి దొరికిన రాయి తీసి గట్టిగా విసిరాను.

రాయి దాని భుజానికి తగిలింది. అది పళ్ళు చూపించలేదు, మీదికి రాలేదు. మూతి నుంచి నీళ్ళు కారుతుండగా నా వైపు ఒకసారి చూసి, కుంటుకుంటూ గోడ ఎక్కి పోయింది. తర్వాత రెండు మూడు రోజులు రోడ్డు పక్క వేపచెట్టు వైపు చూశాను. మళ్ళీ కనపడలేదు.

పిల్లలు నన్ను మెచ్చుకున్నారు. అవ్వ మాత్రం పడిన విడీలు ఏరుకుంటూ అంది: "అది మాకడ్ గాదు, కొండెంగ. దూపయి ఒచ్చింది. రెండు గుక్కలు తాగి పోతుండె. నీకేం తొందరొచ్చిందే?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

జూన్‌లో బడి తెరిచాక మరాఠీ టీచర్ ప్రార్థన అయిన తర్వాత ఒక సంగతి చెప్పారు. జూన్ 18న మారుతి చితంపల్లి గారు సోలాపూర్‌లో చనిపోయారు. ఆ ఇంటిపేరు వినగానే పిల్లలందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా హాజరు పట్టీలో ఉండే ఇంటిపేర్ల లాంటిదే అది! టీచర్ నవ్వి "అవును, మీ ఇండ్ల నడుమ పెరిగిన మనిషే" అన్నారు.

చితంపల్లి గారు 1932 నవంబర్ 5న సోలాపూర్‌లో పుట్టారు. కోయంబత్తూరులో అటవీ శాస్త్రం చదివి, మహారాష్ట్ర అటవీ శాఖలో ఉద్యోగంలో చేరారు. కర్నాళా, నవేగావ్‌బాంధ్, నాగ్‌ఝిరా, మేల్‌ఘాట్ అడవుల కోసం పని చేశారు. ఉద్యోగం చేస్తూనే పక్షుల్ని, జంతువుల్ని, చెట్లను చూసి రాసుకున్నారు. అడవి గురించి పాత పుస్తకాల్లో ఏముందో తెలుసుకోవాలని సంస్కృతం నేర్చుకున్నారు. అడవిలో ఉండే గోండు వాళ్ళు, మాడియా వాళ్ళు ఏ చెట్టును ఏమంటారో, ఏ పక్షిని ఏమంటారో అడిగి రాసుకున్నారు. అట్లా మరాఠీలోకి ఎన్నో కొత్త మాటలు తెచ్చారు. పక్షుల పేర్లతో 'పక్షికోశ్' అనే నిఘంటువే చేశారు. జనం ఆయన్ని అరణ్యఋషి అన్నారు. 2006లో మన సోలాపూర్‌లోనే జరిగిన 79వ అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనానికి ఆయనే అధ్యక్షులు. 2025లో పద్మశ్రీ వచ్చింది. అదే సంవత్సరం వెళ్ళిపోయారు.

టీచర్ బోర్డు మీద ఆయన తెచ్చిన రెండు మాటలు రాశారు. కాకులు ఒకచోట గుంపుగా గూళ్ళు పెట్టుకుంటే అది 'కాకాగార్'. కొంగలు గుంపుగా గూళ్ళు పెట్టుకుంటే అది 'సారంగాగార్'. కాకుల వాడకి కూడా ఒక పేరు కావాలని ఎవరికి తోస్తుంది? ఆ వాడను నిలబడి చూసినవాళ్ళకే తోస్తుంది. చూడనివాళ్ళకి అవి ఉత్త కాకులు.

ఇంటికి పోయి అవ్వకి చెప్పాను. ఆమెకి ఆయన తెలియదు. కానీ నాకు ఒకటి తట్టింది. గల్లీలో అందరం 'మాకడ్' అన్నప్పుడు అవ్వ ఒక్కతే 'కొండెంగ' అంది. ఎర్రమూతి ఉన్నది కోతి, నల్లమూతి ఉన్నది కొండెంగ. అవ్వ చిన్నప్పుడు తెలంగాణలో వాళ్ళ ఊరి గుట్ట దగ్గర రెండిటినీ చూసింది. అందుకే రెండు పేర్లు ఆమె నోట్లో ఉన్నాయి. మాకు ఒక్క పేరే మిగిలింది. నేనేమో దాని పేరు తెలియకముందే రాయి వేశాను.

ఇంకొక సంగతి మా అమ్మ చాటలోనే ఉంది. విడీ ఆకు అంటే తునికాకు. అది మా కుంభారి చుట్టుపక్కల ఎక్కడా పండదు. విదర్భ అడవుల నుంచి, తెలంగాణ అడవుల నుంచి, ఇంకా ఇతర రాష్ట్రాల అడవుల నుంచి వస్తుంది. ఎండాకాలంలో అక్కడి ఆడవాళ్ళు, పిల్లలు తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసి, కట్టలు కట్టి ఎండబెడతారు. చితంపల్లి గారు తిరిగిన నవేగావ్ వైపు అడవుల్లో కూడా తునికి చెట్లు ఉంటాయి. ఆ చెట్టుకి కాసే తునికి పళ్ళు కొండెంగలు తింటాయి, ఎలుగుబంట్లు తింటాయి. ఆకు మాకు, పండు వాటికి. కొన్నిచోట్ల చిగురు బాగా వస్తుందని అడవి కింద ఎండుటాకులకు నిప్పు పెడతారట. అప్పుడు చిన్న మొక్కలు, నేల మీద గూళ్ళు కాలిపోతాయి. అంటే ఆ అడవితో మా ఇంటికి ఎప్పటి నుంచో లెక్క ఉంది. మేమే దాన్ని చూడలేదు.

అక్టోబర్‌లో దసరా అయిన తర్వాత సైన్స్ సార్ రెండో మనిషి గురించి చెప్పారు. జేన్ గుడాల్ గారు అక్టోబర్ 1న అమెరికాలోని కాలిఫోర్నియాలో చనిపోయారు. వయసు 91. ఆ వయసులో కూడా ఊరూరూ తిరిగి అడవుల గురించి మాట్లాడుతూ, ఆ ప్రయాణంలోనే కన్నుమూశారు.

సార్ చెప్పినవాటిలో నాకు మొదట నచ్చింది ఆమె చదువు కథ. ఆమె 1934 ఏప్రిల్ 3న లండన్‌లో పుట్టింది. చిన్నప్పటి నుంచి ఆఫ్రికాకి పోయి జంతువులతో ఉండాలని ఆశ. కానీ ఇంట్లో డబ్బు లేక కాలేజీకి పోలేదు. టైపింగ్ లాంటి ఆఫీసు పని నేర్చుకుంది. హోటల్లో వడ్డించే పని చేసి ఓడ టికెట్టుకి డబ్బు కూడబెట్టింది. 1957లో కెన్యాకి పోయింది. అక్కడ లూయీ లీకీ అనే శాస్త్రవేత్త దగ్గర సెక్రటరీగా చేరింది. ఆమె ఓపిక చూసి ఆయన చింపాంజీల్ని పరిశీలించే పని అప్పజెప్పాడు. 1960 జూలై 14న ఇప్పటి టాంజానియాలో ఉన్న గోంబే అడవికి చేరింది. అప్పుడు ఆమెకి 26 ఏళ్ళు. డిగ్రీ లేదు. ఒంటరి ఆడపిల్లని అడవిలోకి పంపమని అక్కడి అధికారులు అంటే, తోడుగా ఎవరు వెళ్ళారో తెలుసా? వాళ్ళ అమ్మ! ఈ మాట చెప్పగానే మా అమ్మ "అట్లనే ఉండాలె" అంది.

మొదటి నెలల్లో చింపాంజీలు ఆమెని దూరం నుంచి చూడగానే పారిపోయేవి. ఆమె వెంటపడలేదు. రోజూ తెల్లవారకముందే లేచి, ఒక ఎత్తయిన బండ మీద దూరదర్శినితో కూర్చునేది. ఏం కనపడితే అది పుస్తకంలో రాసుకునేది. అట్లా నెలలు గడిచాక గడ్డం తెల్లగా ఉన్న ఒక మగ చింపాంజీ భయపడటం మానింది. దానికి ఆమె డేవిడ్ గ్రేబియర్డ్ అని పేరు పెట్టింది. మన మాటలో అయితే నెరిసిన గడ్డం డేవిడ్ అన్నమాట. ఒకరోజు అది చెదల పుట్ట దగ్గర కూర్చొని, గడ్డిపుల్ల లోపలికి దూర్చి, పుల్లకి పట్టుకున్న చెదల్ని తినడం చూసింది. ఇంకోసారి చిన్న కొమ్మ తుంచి, ఆకులు దూసేసి, పుల్ల తయారు చేసుకోవడం చూసింది. అప్పటిదాకా పనిముట్టు చేసుకునేది మనిషి ఒక్కడే అని శాస్త్రవేత్తలు అనుకునేవారు. బండ మీద ఓపికగా కూర్చున్న ఒక అమ్మాయి ఆ మాటను మార్చేసింది. తర్వాత డిగ్రీ లేకుండానే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఆమెని డాక్టరేట్‌కి తీసుకుంది.

అక్కడ కొందరు పెద్దలు, జంతువులకు పేర్లు పెట్టడమేంటి, నంబర్లు ఇవ్వాలి అన్నారు. ఆమె పేర్లు మానలేదు. ఒక్కో చింపాంజీకి ఒక్కో గుణం ఉందని తాను కళ్ళారా చూసింది కదా.

ఆమె చేసినవన్నీ సరైనవే కావు. ఇది కూడా సార్ చెప్పారు. చింపాంజీలు దగ్గరికి రావాలని 1960లలో ఆమె అరటిపండ్లు పెట్టించింది. దాంతో అవి గుంపులుగా చేరి, పండ్ల కోసం బాగా కొట్లాడుకున్నాయి. తర్వాత పండ్లు తగ్గించి, ఆ పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది. 1974 నుంచి కొన్నేళ్ళు గోంబేలో ఒక చింపాంజీ గుంపు ఇంకో గుంపు వాటిని చంపడం కూడా బయటపడింది. ఆమె ఎంతగానో ప్రేమించిన జంతువులవి. అయినా దాచలేదు, చూసింది చూసినట్టు లోకానికి చెప్పింది.

ఆ అరటిపండ్ల సంగతి విన్నప్పుడు నేను బెంచీలో సర్దుకొని కూర్చున్నాను. మా గల్లీలో కొందరు అరటిపండు పెట్టారు, కొందరం రాయి వేశాం. కానీ దానికి కావలసినవి నీళ్ళు. ఆ సంగతి కనిపెట్టింది అవ్వ ఒక్కతే.

నేను సార్‌ని అడిగాను: "సార్, అది ఒక్కటే ఎందుకు వచ్చింది?" సార్ చెప్పారు. కొండెంగల గుంపులో మామూలుగా ఒక పెద్ద మగది, చాలా ఆడవి, పిల్లలు ఉంటాయి. మగపిల్లలు పెరిగాక గుంపు విడిచి బయటికి పోవాలి. అవి తిండి, నీళ్ళు వెతుక్కుంటూ ఎక్కడెక్కడో తిరుగుతాయి. మా ఇంటికి వచ్చింది అట్లాంటిదే అయి ఉండొచ్చు. అంటే అప్పుడే ఇల్లు విడిచి, పని కోసం ఊళ్ళు తిరిగే అన్న లాంటిది. మా ముత్తాత కూడా మగ్గం పని వెతుక్కుంటూనే తెలంగాణ నుంచి సోలాపూర్ వచ్చాడని బాపు చెప్తాడు. ఆయనకి ఎవరో ఒకరు మంచినీళ్ళు ఇచ్చే ఉంటారు.

గుడాల్ గారి కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది చివరి భాగం. 1990 ప్రాంతంలో ఆమె చిన్న విమానంలో గోంబే మీదుగా పోయింది. కింద చూస్తే తన చిన్న అడవి చుట్టూ కొండలన్నీ బోడిగా ఉన్నాయి. అక్కడి జనం పేదవాళ్ళు. పొయ్యిలోకి కట్టెలు కావాలి, పంటకి నేల కావాలి. వాళ్ళ బతుకు బాగుపడకుండా అడవి మిగలదని ఆమెకి అర్థమైంది. 1994లో ఊళ్ళల్లో పని మొదలుపెట్టారు. ముందు మీకేం కావాలో చెప్పండి అని ఊరివాళ్ళనే అడిగారు. ఆరోగ్యం, నీళ్ళు, బడి, పంట అన్నారు. ఆడపిల్లలు చదువు మానకుండా స్కాలర్‌షిప్పులు ఇచ్చారు. ఊరివాళ్ళే చెట్లు పెంచారు, అడవిని చూసుకున్నారు. అంతకుముందు 1991లో తన ఇంటి వరండాలో 12 మంది విద్యార్థులతో 'రూట్స్ అండ్ షూట్స్' మొదలుపెట్టింది. అంటే వేళ్ళు, మొలకలు. ఇప్పుడు అది చాలా దేశాల్లో ఉంది.

ఇది విన్నాక నా మనసులో ఒక చిక్కు కొంచెం విడింది. అడవి బాగుండాలంటే తునికాకు కోత ఆగాలా? అట్లయితే మా అమ్మ పని ఏం గాను? విడీ తంబాకు ఘాటుకి అవ్వ రాత్రంతా దగ్గుతుంది. ఆ పని మంచిదని నేను అనను. కానీ ఆ పని మీదే మా ఇల్లు నిలబడింది, నేను పదో తరగతి దాకా వచ్చాను. అడవి ముఖ్యమా, అమ్మ ముఖ్యమా అని ఎవరైనా అడిగితే నేను ఒక్క క్షణం ఆలోచించకుండా అమ్మ అనే అంటాను. గుడాల్ గారు ఆ ప్రశ్న అట్లా అడగలేదు. ముందు అమ్మల్ని అడిగింది, వాళ్ళతోనే అడవిని పెంచింది. ఆకు కోసే అమ్మకీ, విడీ చేసే అమ్మకీ ఇంకో మంచి పని దొరికేలా పిల్లలు చదువుకోవాలి. నాకు ఇంతవరకే తెలిసింది.

సార్ మాకు ఒక పని ఇచ్చారు. ఇంటి దగ్గర ఏదైనా ఒక ప్రాణిని 21 రోజులు, రోజుకు పావుగంట చూసి రాయాలి. దాన్ని ముట్టొద్దు, దానికి ఏమీ పెట్టొద్దు. మా ఇంటి వెనక గోడ వెంటిలేటర్‌లో ఒక ఉడుత గూడు కడుతోంది. నేను దాన్ని ఎంచుకున్నాను.

మొదటి నాలుగు రోజులు నన్ను చూసి కిచకిచమని అరిచి పారిపోయింది. నా పుస్తకంలో "రాలేదు" అనే నాలుగు సార్లు రాసుంది. ఐదో రోజు గోడ నీడలో కదలకుండా కూర్చున్నాను. అది వచ్చింది. నోట్లో తెల్లగా ఏదో ఉంది. జాగ్రత్తగా చూస్తే టవెల్ నూలు! బాపు బట్టలకి అంటుకొని వచ్చే దూది, నూలు పోగులు అమ్మ ఊడ్చి వెనక పోస్తుంది. ఉడుత వాటిని ముందు కాళ్ళతో ఉండ చేసి, నోట్లో కుక్కుకొని గూట్లోకి తీసుకుపోతోంది. ఒక పొద్దున పావుగంటలో ఆరు సార్లు తీసుకుపోయింది. నేను దానికి 'టవెల్' అని పేరు పెట్టాను. తమ్ముడు పడి పడి నవ్వాడు.

పదకొండో రోజు బాపు వెంటిలేటర్ శుభ్రం చేయాలని నిచ్చెన వేశాడు. నేను పుస్తకం తెచ్చి చూపించాను. బాపు నిచ్చెన మీద నిలబడే రెండు పేజీలు చదివాడు. "ఇది మన కార్ఖానా నూలేనా?" అని అడిగాడు. అవునన్నాను. నవ్వుకుంటూ దిగి నిచ్చెన మడిచేశాడు. పంతొమ్మిదో రోజు గూట్లో నుంచి సన్నగా చప్పుడు వినిపించింది. పిల్లలు ఎన్నో నాకు తెలియలేదు. "చప్పుడు వచ్చింది" అని మాత్రమే రాశాను.

కొండెంగ గురించి ఆ పుస్తకంలో మొదటి పేజీ ఖాళీగా వదిలాను. తర్వాత అది కూడా రాశాను. తేదీ, సమయం, ఎక్కడ కూర్చుంది, బకెట్‌లో నీళ్ళు తాగింది, నేను రాయి వేశాను, భుజానికి తగిలింది. సార్ ఎర్ర పెన్నుతో దాని కింద టిక్ పెట్టారు. ఏమీ అనలేదు.

మళ్ళీ ఎండాకాలం వస్తోంది. మార్చిలో మాకు బోర్డు పరీక్షలు. మేడ మీద ఒక పెద్ద మట్టి తొట్టిలో నీళ్ళు పెడతానని అమ్మని అడిగాను. అమ్మ చాటలో నుంచి తల ఎత్తకుండానే అంది: "పెట్టు. పరీక్షలయ్యేదాంక నేను నింపుత. నువ్వు సదువుకో."